ఏ పని ముందు? ఎవరు చెప్పాలి?

పోయిన వానాకాలంలో ఒక జిల్లా కేంద్రంలో జరిగిన రెండురోజుల శిక్షణకు నన్ను పిలిచారు. ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే గ్రామస్థాయి కార్యకర్తలకు 'సమయ నిర్వహణ' మీద ఏర్పాటు చేసిన శిక్షణ అది. ముప్ఫైమందికి పైగా వచ్చారు, అందరూ స్త్రీలే. రెండోరోజు మధ్యాహ్నం గృహహింస చట్టం గురించి గంటసేపు మాట్లాడటమే నా పని అయినా, మొదటిరోజే వెళ్ళి వెనకవరసలో కూర్చున్నాను. శిక్షకుడు నగరం నుంచి వచ్చిన యువకుడు, మర్యాదస్తుడు. బోర్డు మీద పెద్ద చతురస్రం గీసి నాలుగు గడులు చేశాడు. ముఖ్యమైనవీ వెంటనే చెయ్యాల్సినవీ ఒక గడిలో, ముఖ్యమైనా తొందరలేనివి రెండోదానిలో, తొందరవే కాని ముఖ్యం కానివి మూడోదానిలో, రెండూ కానివి నాలుగోదానిలో. రోజూ పొద్దున్నే పది నిమిషాలు కూర్చుని ఆనాటి పనుల్ని ఇలా సర్దుకుంటే సగం ఒత్తిడి పోతుందన్నాడు. అందరికీ కాగితాలు పంచాడు.

అందరూ వంగి రాసుకుంటున్నారు. నా ముందు కూర్చున్న ఒకామె మాత్రం కాగితం ఒళ్ళో పెట్టుకుని అలాగే చూస్తోంది. నలభై ఏళ్ళుంటాయి. కాసేపటికి చెయ్యెత్తింది.

"సార్, మాకు నల్లా నీళ్ళు దినం తప్పి దినం పొద్దుగాల ఐదున్నరకు వస్తయి. వచ్చినప్పుడే పట్టుకోవాలె. అది ఏ గడిల రాయాలె?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "అది ఇంటి విషయం కదమ్మా, మనం ఇక్కడ ఆఫీసు పనులే రాద్దాం" అన్నాడు. ఆమె సరే సార్ అంది. కానీ కాగితం సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది.

ఆ యువకుడిని తప్పుపట్టటానికి ఇది రాయటం లేదు. ఆ జవాబు ఒకప్పుడు నేనూ ఇచ్చినదే, ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ నాలుగు గడుల సంగతి చూద్దాం.

ఈ పటం అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు మీద చెలామణి అవుతోంది. 1954లో ఒక ప్రసంగంలో ఆయన తొందర పనులకూ ముఖ్యమైన పనులకూ ఉండే తేడాను చెప్పాడు. అది కూడా తన సొంతమాట కాదని, ఒక కళాశాల అధిపతి చెప్పినదని ఆయనే అన్నాడు. 1989లో స్టీఫెన్ కవీ రాసిన పుస్తకంతో ఈ ఆలోచన కంపెనీల శిక్షణల్లోకి వచ్చింది, అక్కడినుంచి మన స్వచ్ఛంద సంస్థల్లోకి. ఇంతకుముందు కూడా ఇలాంటివి వచ్చాయి. 1911లో ఫ్రెడరిక్ టేలర్ ఫ్యాక్టరీ కార్మికుడి కదలికల్ని గడియారం పెట్టి కొలిచే పద్ధతిని శాస్త్రం అన్నాడు. మరో రెండేళ్ళకే క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆవిడ అదే కొలబద్దను వంటింట్లోకి తెచ్చి, గిన్నెలు తోమటానికి ఎన్ని అడుగులు నడవాలో లెక్కగట్టింది. నడిచే అడుగులు తగ్గాయేమో కాని, ఆ వంటింట్లో నడిచే మనిషి మాత్రం మారలేదు.

నాలుగు గడుల్లో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మూడోది. తొందరవే కాని ముఖ్యం కాని పనులు అందులో ఉంటాయి. వాటిని ఏం చెయ్యాలట? ఇంకొకరికి అప్పగించాలట. ఐసెన్‌హోవర్‌కు అది సాధ్యమే. ఆయన సైన్యాధిపతిగా పనిచేసినవాడు, చుట్టూ కార్యదర్శులు, ఇంట్లో నౌకర్లు. మన గ్రామ కార్యకర్త ఎవరికి అప్పగిస్తుంది? చుట్టూ చూస్తే ఆమెకు కనిపించేది పెద్దకూతురు. "ఇయ్యాల్టికి బడికి పోకు బిడ్డా, తమ్ముణ్ణి చూసుకో" అంటుంది. బాలికల చదువు మీద సమావేశం పెట్టటానికి వెళ్ళే రోజున కూడా ఇలాగే జరగటం నేను చూశాను. ఆ కార్యకర్త సిగ్గుపడుతూనే చెప్పింది నాతో.

అప్పగింత ఎప్పుడూ కిందికే జారుతుంది. మగవాడి నుంచి ఆడదానికి, ఆఫీసు నుంచి ఊరికి, పైకులాల స్త్రీ నుంచి దళిత స్త్రీకి, తల్లి నుంచి కూతురికి. నా సంగతే చూడండి. నా సిద్ధాంత గ్రంథం పూర్తయిందంటే అందుకు ఒక కారణం, ఐదేళ్ళపాటు పొద్దున్న ఆరింటికల్లా మా ఇంటికి వచ్చి అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, బట్టలు ఉతికి వెళ్ళిన ఒకావిడ. ఆ సమయంలో ఆమె పిల్లలకు తలలు దువ్వి బడికి పంపింది ఎవరో నేను ఎన్నడూ అడగలేదు. నా పరిశోధన విషయం స్త్రీల వేతనంలేని శ్రమ! గ్రంథం మొదటిపేజీలో ఆమెకు కృతజ్ఞతలు చెప్పాను. ఆమెకు చదవటం రాదు.

ఇప్పుడు కొంచెం లెక్కల్లోకి వెళ్ళాలి. ఈ లెక్కల కోసం స్త్రీల ఉద్యమాలు చాలాకాలం అడిగాయి. 1995 బీజింగ్ మహాసభ కార్యాచరణ పత్రంలో స్త్రీల వేతనంలేని శ్రమను గణాంకాల్లో చూపించాలన్న డిమాండు చేరింది. మన దేశంలో 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా సమయ వినియోగ సర్వే జరిగింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటా మొదటి సర్వే జరగటానికి 2019 దాకా ఆగాల్సివచ్చింది. ఇంట్లో ఆరేళ్ళూ అంతకు పైబడిన ప్రతి ఒక్కరూ నిన్న తెల్లవారుజాము నాలుగింటి నుంచి ఇవాళ నాలుగింటి దాకా ఏం చేశారో అరగంట అరగంటగా అడిగి రాసుకున్నారు. ఇంటిపని మీద స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. పురుషులు గంటన్నర చేస్తున్నారా అని మురిసిపోనక్కరలేదు. ఇది ఆరోజు ఆ పనిలో చెయ్యిపెట్టినవాళ్ళ సగటు మాత్రమే. చెయ్యిపెట్టిన స్త్రీలు నూటికి 81 మంది అయితే పురుషులు 26 మంది. పెట్టినవాళ్ళనీ పెట్టనివాళ్ళనీ కలిపి చూస్తే స్త్రీలకు నాలుగు గంటలపైన, పురుషులకు ఇరవై అయిదు నిమిషాలు.

2024లో మళ్ళీ సర్వే చేశారు. స్త్రీల 299 నిమిషాలు 289 అయ్యాయి. పది నిమిషాలు తగ్గాయని పత్రికలు సంతోషంగా రాశాయి. పురుషుల 97 నిమిషాలు 88 అయ్యాయి. అంటే వాళ్ళకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. మన పది నిమిషాలు వాళ్ళు పంచుకోబట్టి తగ్గినవి కావన్న మాట. మిక్సీ వల్లనో గ్యాసు వల్లనో మరి దేనివల్లనో తగ్గాయి.

ఈ లెక్కలు కోర్టుల దాకా కూడా వెళ్ళాయి. 2021 జనవరిలో, రోడ్డుప్రమాదంలో చనిపోయిన దంపతుల పిల్లలకు పరిహారం నిర్ణయించే కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో 2019 సర్వే అంకెలు ఉటంకించి, గృహిణి చేసే పనికి ఆదాయం లెక్కగట్టాలని చెప్పారు. మంచి తీర్పే, కాదనను. కానీ చూడండి, గృహిణి పొద్దుకు విలువ కట్టటానికి కోర్టు కూర్చున్నది ఆమె చనిపోయిన తర్వాత.

సర్వే అరగంటల్లో కూడా పట్టనిది ఒకటి ఉంది. పొయ్యిమీద అన్నం పెట్టి, బిడ్డకు నీళ్ళు పోస్తూ, చెవికి భుజానికి మధ్య ఫోను ఇరికించుకుని సంఘం అప్పు వాయిదా గురించి మాట్లాడే అరగంట ఏ పని కిందికి వస్తుంది? ఒక సమయంలో ఒకే పని మీద దృష్టి పెట్టండి అని శిక్షకులు చెబుతారు. దృష్టి పెట్టాలంటే వేసుకోవటానికి ఒక తలుపు కావాలి. తలుపు వేసుకుంటే తట్టని మనుషులు కావాలి. మన పురాణాల్లో ఋషులందరూ ఏకాగ్రతతో తపస్సు చేశారు సరే, ఆ ఆశ్రమాల్లో పొయ్యి రాజేసింది ఎవరో!

మనమేమీ ఇవన్నీ తెలియనివాళ్ళం కాదు. జెండర్ శిక్షణల్లో ఊరి ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ రెండు గుంపులుగా కూర్చోబెట్టి, వాళ్ళవాళ్ళ రోజును గడియారంలా గీయించటం మనకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. మగవాళ్ళ గడియారంలో రచ్చబండ, టీకొట్టు, టీవీ కనిపిస్తాయి. ఆడవాళ్ళ గడియారంలో ఖాళీ ఉండదు. మగవాళ్ళు తల గోక్కుంటారు, ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు, మనం ఫోటో తీసుకుని నివేదికలో పెడతాం. ఊళ్ళో ఇంత చక్కగా గీయించిన గడియారాన్ని మన ఆఫీసు గోడకు మాత్రం ఎందుకు తగిలించలేకపోయాం? ఊరి స్త్రీకి రెండు పనిదినాలున్నాయని ఉపన్యసించే సంస్థలు తమ దగ్గర పనిచేసే స్త్రీకి ఒక్కటే పనిదినం ఉన్నట్టు, అదీ తొమ్మిదింటికి మొదలైనట్టు ప్రవర్తిస్తాయి.

ఇక నా తప్పు. పదిహేనేళ్ళ కిందట ఒక సంస్థ పథకాన్ని మూల్యాంకనం చేసే పని ఒప్పుకున్నాను. పది ఊళ్ళు తిరిగి, రిజిస్టర్లు చూసి, కార్యకర్తలతో మాట్లాడి నివేదిక రాశాను. అందులో ఒక కార్యకర్త గురించి 'పనుల ప్రాధాన్యత గుర్తించటంలో బలహీనంగా ఉన్నారు, నివేదికలు ఆలస్యం' అని రెండు వాక్యాలు ఉన్నాయి. అబద్ధం కాదు, నివేదికలు నిజంగానే ఆలస్యమయ్యేవి. ఆ మార్చిలో ఆమె ఒప్పందాన్ని పొడిగించలేదు. రెండేళ్ళ తర్వాత ఒక సభలో కలిసినప్పుడు ఆమే పలకరించింది. "మా అత్తమ్మ మంచంల ఉన్నదని ఆనాడు మీకు చెప్పిన గద మేడమ్" అంది. నిజమే, చెప్పింది. నా నోటుపుస్తకంలో ఉంది కూడా. 'వ్యక్తిగతం' అని పక్కన రాసుకుని నివేదికలోకి తీసుకోలేదు. వ్యక్తిగతమైనదంతా రాజకీయమేనని ఎన్నో సభల్లో చెప్పిన నోరు ఇది. ఆమె గొంతులో కోపం లేదు, నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. అప్పటికి ఆమె బీడీలు చుడుతోంది.

ఆమె పనుల క్రమాన్ని గుర్తించలేకపోయిందా? ఇవాళ ఆలోచిస్తే, అత్త పక్కబట్టలు మార్చటం ముందా, నెలవారీ నివేదిక ముందా అన్న ప్రశ్నకు ఆమె సరైన జవాబే చెప్పిందనుకుంటున్నాను. ఆ జవాబును లెక్కలోకి తీసుకునే చోటు నా పత్రంలో లేదు, అంతే.

'ప్రాధాన్యత' అన్న మాట స్త్రీల ఉద్యమానికి కొత్తదీ కాదు. ముందు దేశం, తర్వాత మీ సమస్య. ముందు వర్గపోరాటం, తర్వాత మీ సమస్య. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు, 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకు వెళ్ళిపొమ్మన్నారన్న ఆవేదన అందులో ఎందరో చెప్పుకున్నారు. దానికి భిన్నంగా 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా ముందు అని తామే నిర్ణయించుకున్నారు. ఏ అధికారీ, ఏ పార్టీ ఆ ఏడాది ప్రణాళికలో ఆ పని రాసిపెట్టలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఏది ముందు అన్నది ఎవరు తేల్చారు అన్నదాని మీద ఎంత ఆధారపడి ఉంటుందో ఈ రెండూ చెబుతాయి.

ఇప్పుడు ఆఫీసుల్లో ఏం జరుగుతోంది? 'తొందర' అన్నది ఎప్పుడూ పైనుంచి వస్తుంది. సాయంత్రంలోగా ఫోటోలు కావాలి, రేపటికి అంకెలు కావాలి, నిధులిచ్చేవాళ్ళు వస్తున్నారు ఊరు సిద్ధంగా ఉండాలి. అంగన్‌వాడీ కార్యకర్తను అడగండి. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. చేత్తో రాసే రిజిస్టర్లు మాత్రం పూర్తిగా పోలేదు. సిగ్నలు కోసం మేడెక్కిన టీచరు కింద పిల్లల్ని ఆయాకు వదిలి ఫోను పైకెత్తి నిలబడటం నేను చూశాను. ఆమెకు ఇచ్చేది జీతం కూడా కాదు, 'గౌరవ వేతనం'. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మె చేసినప్పుడు ప్రభుత్వం వాళ్ళ పనిని అత్యవసర సేవగా ప్రకటించి ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ, ఆపినప్పుడు అత్యవసర సేవ!

పైనుంచి వచ్చే తొందరకు బలయ్యేది మనం ఎందుకోసం ఈ పనిలోకి వచ్చామో ఆ పనే. శిక్షణలో టీ తాగుతున్నప్పుడు ఒక కార్యకర్త చెప్పింది. త్రైమాసిక నివేదిక పంపాల్సిన రోజు సాయంత్రం ఐదింటికి ఒక అమ్మాయి వచ్చి ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడిందట. ఏమని అడిగితే ఏం లేదక్కా అంది. మెడ చుట్టూ చున్నీ బిగించి కప్పుకుని ఉంది. "రేపు పొద్దున రా, నిమ్మలంగా కూచుని మాట్లాడుదాం" అని ఈమె పంపేసింది. ఆ అమ్మాయి రాలేదు. నాలుగు రోజుల తర్వాత వెతుక్కుంటూ వెళితే ఇంటికి తాళం, పనికోసం ఎటో పోయారన్నారు. "నివేదిక టైముకే పంపిన మేడమ్, మంచిగున్నదని జవాబు కూడా వచ్చింది" అంది. తర్వాత ఎవరమూ మాట్లాడలేదు. టీ గ్లాసులు అక్కడపెట్టి లోపలికి వెళ్ళాం.

గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని ఏ జాబితాలోనూ ముందుగా రాసుకోలేం. అందుకే గృహహింస మీద పనిచేసే కార్యకర్త రోజులో కొంతభాగం ఏమీ రాయకుండా ఖాళీగా ఉంచాలని నేను అనుకుంటున్నాను. దాన్ని వృథా అనకుండా పనిగంటలుగా లెక్కగట్టాలి. ఇది నిధులిచ్చే సంస్థలకు నచ్చదని నాకు తెలుసు. అగ్నిమాపక కేంద్రంలో మంటలు లేని రోజున సిబ్బందికి జీతం కోస్తారా?

సమయ నిర్వహణంతా పెట్టుబడిదారీ కుట్ర, ఆ కాగితాలు చించిపారెయ్యాలి అని నా స్నేహితురాలు ఒకావిడ అంటుంది. నేను ఒప్పుకోను. రోజూ రాత్రి పడుకోబోయే ముందు మర్నాటి పనులు రాసుకోవటం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు, అది లేకపోతే నేను ఏ వ్యాసమూ పూర్తిచెయ్యలేను. తలలో తిరిగే పాతిక పనులు కాగితం మీదికి దిగితే నిద్రపడుతుంది. రోజుకు తప్పనిసరిగా చెయ్యవలసినవి మూడింటికి మించి రాసుకోకపోవటం, కష్టమైనదాన్ని ఒళ్ళు అలవకముందే మొదలుపెట్టటం వంటివి ఎవరికైనా పనికొస్తాయి. కాకపోతే నీళ్ళు పట్టటం నుంచి మొదలుపెట్టి, మందులు వెయ్యటం, బస్సుకోసం నిలబడటం అన్నీ అందులో ఉండాలి. అన్నీ రాస్తే రోజుకు పద్దెనిమిది గంటలు దాటుతోందని కంటికి కనిపిస్తుంది. కనిపించాక ఇంట్లో భర్తతో, కొడుకుతో, ఆఫీసులో అధికారితో మాట్లాడటానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. కూలిరేట్ల కోసం కూర్చునేటప్పుడు మనం లెక్కలు పట్టుకునే వెళతాం కదా!

అధికారి కొత్తపని చెప్పినప్పుడు "చేస్తాను, మరి వీటిలో ఏది ఆపమంటారు?" అని అడగటం నేర్చుకోవాలి. ఒంటరిగా అడిగితే పొగరంటారు, పదిమంది కలిసి అడిగితే ఆలోచిస్తారు. పూర్తికాని పనుల పక్కన 'బద్ధకం' అని మనసులో అనుకోకుండా అసలు కారణం రాసిపెట్టుకోవాలి: బస్సు రాలేదు, సర్వరు పనిచెయ్యలేదు, పాపకు జ్వరం. నెల తిరిగేసరికి అదే ఒక నివేదిక అవుతుంది. నాకు తెలిసి ఏ సంస్థా ఇంతవరకు ఆ నివేదిక అడగలేదు.

రెండోరోజు చట్టం గురించి మాట్లాడటం అయ్యాక ఖాళీకాగితం ఆమె నా దగ్గరికి వచ్చింది. కాగితం ఈసారి ఖాళీగా లేదు. నాలుగు గడుల్నీ కొట్టేసి, పైనుంచి కిందికి నాలుగున్నర నుంచి రాత్రి పదకొండు దాకా రాసింది. సోమవారం ఎదురుగా రెండుసార్లు గీతగీసింది. సోమవారం తొమ్మిదింటికి మండల ఆఫీసులో సమీక్షా సమావేశం. ఆమె ఊరినుంచి ఏడుంబావు బస్సు అందితేనే వస్తుంది. నీళ్ళు వచ్చే సోమవారం ఆ బస్సు అందదు, రాని సోమవారం అందుతుంది. "అందుకే నేను ఒక వారం టైముకు వస్త, ఒక వారం లేటు వస్త. సార్‌కు నేను ఎందుకట్ల చేస్తనో సమజ్ కాదు" అంది.

ఆ కాగితాన్ని ఆమె అనుమతితో, పేరు తీసేసి నకలు తీసుకున్నాను. శిక్షణ మీద అభిప్రాయం రాయమని సంస్థవాళ్ళు నన్ను అడిగారు. నాలుగు పేజీలు రాసి, మొదటి పేజీలోనే, సోమవారం సమావేశాన్ని పదకొండింటికి మార్చమని కోరి, ఆ నకలు జతచేసి పంపాను. రెండుసార్లు ఫోను చేశాను. పరిశీలనలో ఉందన్నారు.